క్లౌడు: ప్రభుత్వ దస్త్రములకు రెండవ ఇల్లు

ప్రభుత్వము నడచుటకు ధనము, సిబ్బంది ఎంత అవసరమో, లెక్కలు, దస్త్రములు కూడ అంత అవసరము. ఏ భూమి ఎవరిది, ఎవరు ఎప్పుడు జన్మించినారు, ఎవరు ఎంత పన్ను చెల్లించినారు అను విషయములు వ్రాసి ఉంచనిచో ప్రజల హక్కులకు ఆధారము ఉండదు. ఆ వ్రాతలను కాగితములపై వ్రాసి బీరువాలలో దాచిన కాలమున ఏ భయము ఉండెడిదో, కంప్యూటర్లలో దాచుచున్న ఈ కాలమున కూడ అదే భయము కలదు. అవి ఒక్కచోటనే ఉన్నయెడల, ఆ చోటు నశించిన నాడు అన్నియు నశించును. ప్రభుత్వ శాఖలు క్లౌడు విధానమునకు మారుటకు గల కారణములలో ఇది ముఖ్యమైనది.

ఈ భయము నిజమని చూపిన సంఘటన అమెరికాలో జరిగినది. అక్కడ 1880 నాటి జనాభా లెక్కలను పూర్తి చేయుటకు సుమారు 7 సంవత్సరములు పట్టినది. 1890లో హెర్మన్ హొలెరిత్ అను ఇంజనీరు తయారుచేసిన యంత్రములను వాడినారు. మనుష్యుని వయస్సు, వృత్తి మొదలగు వివరములను అట్టముక్కలపై రంధ్రములుగా గుర్తించినచో, ఆ యంత్రము విద్యుత్తు సహాయముతో వానిని లెక్కించెడిది. 6 కోట్లకు పైబడిన జనుల లెక్క త్వరగా తేలినది.

కాని ఇంటింటికి తిరిగి పేర్లు వ్రాసిన మూలపట్టికల సంగతి వేరు. పూర్వపు లెక్కలలో అనేకమునకు స్థానిక కార్యాలయములలో కూడ ప్రతులు ఉంచెడివారు. 1890లో ఆ నిబంధన లేకపోయినది. 1921 జనవరి 10వ తేదీన వాషింగ్టనులోని వాణిజ్యశాఖ భవనములో నిప్పు అంటుకొన్నది. పట్టికలలో సుమారు నాల్గవ వంతు కాలిపోయినవి. మిగిలినవానిలో సుమారు సగము నీటివలన, పొగవలన పాడైనవి. అట్లు మిగిలిన వానిని కూడ ప్రభుత్వమే తరువాత తొలగించినది. నేడు సుమారు 6 వేల మంది పేర్లు మాత్రమే దొరకుచున్నవి. యంత్రము తీసిన మొత్తములు నిలిచినవి. మనుష్యుల పేర్లు పోయినవి. లెక్కించు వేగము వేరు, భద్రపరచు జాగ్రత్త వేరు అని దీనివలన తెలియుచున్నది.

కంప్యూటర్లు వచ్చిన తరువాత కూడ చాలకాలము ఏ శాఖ యంత్రము ఆ శాఖదే. 1961లో జాన్ మెకార్తీ అను శాస్త్రజ్ఞుడు, టెలిఫోను వలె గణనశక్తి కూడ ఒకనాడు ప్రజలందరికి సరఫరా కాగలదని సూచించినాడు. ప్రతి ఇంటివారు విద్యుత్తు కొరకు వేరు వేరుగా జనరేటరు పెట్టుకొనరు గదా! దూరమున ఉన్న కేంద్రమునుండి తీగలద్వారా తెచ్చుకొని, వాడుకొన్న మేరకు రుసుము చెల్లింతురు. క్లౌడు విధానము కూడ ఇట్టిదే. పెద్ద కేంద్రములలోని సర్వరులను ఇంటర్నెట్టు ద్వారా అనేకులు పంచుకొందురు. ఇంజనీర్లు తమ పటములలో వివరము అక్కరలేని జాలభాగమును మేఘము బొమ్మతో సూచించెడివారు. ఆ బొమ్మనుండియే ఈ పేరు వచ్చినది. పేరు మేఘమైనను యంత్రములు నేలమీదనే ఉన్నవని విద్యార్థులు గుర్తుంచుకొనవలెను.

ప్రభుత్వములకు దీనివలన కలుగు మొదటి లాభము పొదుపు. అమెరికా కేంద్రప్రభుత్వమునకు 1998లో 432 డేటా కేంద్రములు ఉండగా, 2010 నాటికి అవి 2 వేలు దాటినవి. అయినను అనేకచోట్ల సర్వరుల శక్తిలో 30 శాతము కూడ వినియోగపడలేదు. ఒక శాఖలో యంత్రములు ఊరక ఉండగా, మరొక శాఖలో అవి చాలక పని ఆగిపోయెడిది. 2009 జూలైలో, పాత కార్లకు బదులు కొత్తవి కొనువారికి సహాయమిచ్చు పథకము ఆరంభమైన కొద్ది దినములలోనే దాని కంప్యూటరు వ్యవస్థ రద్దీకి తట్టుకొనలేకపోయినది. క్లౌడులో అవసరమునుబట్టి శక్తిని పెంచుకొని, పని తీరిన పిదప తగ్గించుకొనవచ్చును. అందువలన 2010 డిసెంబరులో ఆ ప్రభుత్వము, కొత్త పనులకు క్లౌడునే ముందుగా పరిశీలింపవలెనని నిర్ణయించినది.

రెండవ లాభము రక్షణ. 2007లో కంప్యూటరు దాడులకు గురియైన ఎస్తోనియా, 2017లో లక్సెంబర్గుతో ఒప్పందము చేసికొని, తన ముఖ్యమైన దస్త్రముల ప్రతులను ఆ దేశములో ఉంచుకొనుటకు ఏర్పాటు చేసికొన్నది. రాయబార కార్యాలయము వలెనే ఆ సర్వరులకు ప్రత్యేకరక్షణ కలదు. ఉక్రెయినులో ప్రభుత్వ సమాచారము దేశములోని సర్వరులలోనే ఉండవలెనను నిబంధన ఉండెడిది. 2022 ఫిబ్రవరి 24న యుద్ధము ఆరంభమగుటకు వారము దినముల ముందు ఆ దేశపు పార్లమెంటు ఆ నిబంధనను సడలించినది. యుద్ధారంభములోనే ఒక ప్రభుత్వ డేటా కేంద్రముపై క్షిపణి పడినది. భూమిహక్కుల పట్టికలు, పన్నుల లెక్కలు మొదలగునవి విదేశములందలి క్లౌడు కేంద్రములకు చేర్చబడినందున, ఇండ్లు కూలినను ఆ ఇండ్లు ఎవరివో చెప్పు ఆధారములు నిలిచినవి.

భారత ప్రభుత్వము 'మేఘరాజ్' అను పేరుతో ఈ కార్యక్రమమును చేపట్టగా, 2014లో నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటర్ వారి జాతీయ క్లౌడు ప్రారంభమైనది. ఆ సంస్థ డేటా కేంద్రములలో ఒకటి హైదరాబాదులో ఉన్నది. ప్రైవేటు సంస్థల క్లౌడును వాడినను, ప్రభుత్వ సమాచారము భారతదేశములోనే ఉండవలెను. 2015లో వచ్చిన డిజిలాకరు ద్వారా విద్యార్థులు మార్కుల పత్రములను పొందుచున్నారు. కాగితము పోయినంత మాత్రమున చదువుకు సాక్ష్యము పోదు.

అయితే క్లౌడు అను పేరు పెట్టినంతనే రక్షణ కలుగదు. 2025 సెప్టెంబరు 26న దక్షిణ కొరియాలోని డేజాన్ నగరములో, ప్రభుత్వ డేటా కేంద్రమున బ్యాటరీలనుండి మంటలు చెలరేగినవి. 600కు పైగా ప్రభుత్వ సేవలు ఆగిపోయినవి. ఉద్యోగులు తమ పత్రములను దాచుకొను ప్రభుత్వ క్లౌడు భాండారము కూడ కాలిపోయినది. అందులోని 858 టెరాబైట్ల సమాచారమునకు వేరొకచోట ప్రతి లేదు. 1921లో వాషింగ్టనులో జరిగిన లోపమే 104 సంవత్సరముల తరువాత అక్కడ మరల జరిగినది.

కావున ఏ ప్రభుత్వమైనను క్లౌడుకు మారునప్పుడు మూడు ప్రశ్నలు వేసికొనవలెను. రెండవ ప్రతి ఎక్కడ ఉన్నది? దాని తాళము ఎవరి చేతిలో ఉన్నది? మొదటిది నశించినచో రెండవది ఎంతసేపటిలో పనికి వచ్చును? ఈ ప్రశ్నలకు సరియైన సమాధానము ఉన్నప్పుడే పొదుపు, వేగము, రక్షణ అను లాభములు ప్రజలకు దక్కును. దస్త్రములో ఉన్నది కేవలము అంకెలు కావు. ఒక రైతు పొలము, ఒక విద్యార్థి చదువు, ఒక వృద్ధుని పింఛను.