ఇరువురి కోరికపై ఒక్కడు: తెలుగునాట దస్తావేజు లేఖరి వృత్తి చరిత్ర

ఇల్లు గానీ పొలం గానీ చేతులు మారేటప్పుడు హక్కు పూర్వాపరాలు విచారించి, ఒప్పందాన్ని చట్టానికి నిలిచే మాటల్లో పెట్టి, సొమ్ము చెల్లింపు ముగిసేవరకు బాధ్యత వహించే నిపుణుణ్ణి ఇంగ్లండులో కన్వేయన్సరు అంటారు. అక్కడ కొనేవారి పక్షాన ఒకరు, అమ్మేవారి పక్షాన మరొకరు పనిచేయడం ఆనవాయితీ. 1804లో ఆ పనిని న్యాయవాద వర్గానికే పరిమితం చేసిన చట్టం పెట్టిన కట్టడి 1985లో కొత్త చట్టం వచ్చేవరకు సడలలేదు. తెలుగునాట ఈ వృత్తి ఆ రూపంలో ఎన్నడూ ఏర్పడలేదు. ఇక్కడ క్రయపత్రం రాసేవాడు సాధారణంగా ఒక్కడే; అతడు ఇరుపక్షాలకూ కావలసినవాడు, న్యాయవాది కానక్కరలేనివాడు, హక్కుకు పూచీపడనివాడు. అయినా కొనుగోలుదారు తన జీవితకాలపు పొదుపును అతడి మాట మీద ఆధారపడి అమ్మేవారి చేతిలో పెట్టేవాడు. ఈ నమ్మకానికి మూలం పాతకాలపు ధర్మశాస్త్రంలో ఉంది. ఆ నమ్మకంపై అంత బరువు పడడానికి కారణం మాత్రం పందొమ్మిదో శతాబ్దపు చట్టాలు వదిలేసిన ఒక ఖాళీ.

యాజ్ఞవల్క్య స్మృతి లేఖ్యాన్ని, అంటే రాతపూర్వకమైన ఒప్పందాన్ని, గురించి చెబుతూ పత్రం చివర లేఖకుడు తన పేరు, తండ్రి పేరు చెప్పుకొని, ఇరుపక్షాల అభ్యర్థనపై తాను దీన్ని రాసినట్టు పేర్కొనాలని విధించింది. లేఖకుడు ఒక పక్షపు మనిషి కాదన్న భావన ఆ విధిలోనే ఉంది. ఈ స్మృతికి కల్యాణి చాళుక్యుల కాలంలో విజ్ఞానేశ్వరుడు రాసిన మితాక్షర వ్యాఖ్య దక్షిణాపథంలో ప్రామాణికమై, పదమూడో శతాబ్దంలో కేతన చేతిలో విజ్ఞానేశ్వరీయంగా తెలుగు పద్యరూపం పొందింది. భూమి చేతులు మారడానికి ఆరు అంగాలు కావాలని మితాక్షర ఉదహరిస్తుంది: స్వగ్రామం, జ్ఞాతులు, సామంతులనే పొరుగు భూస్వాములు, దాయాదులు అనే నలుగురి అనుమతి, వాటితో పాటు హిరణ్యం, ఉదకం. విజ్ఞానేశ్వరుడు ఈ ఆరింటికీ ఇచ్చిన కారణాలు శ్రద్ధగా చదవదగినవి. గ్రామానుమతి కేవలం వ్యవహారం బహిరంగం కావడానికేనని, సామంతుల అనుమతి హద్దు తగాదాలు రాకుండా ఉండడానికని, జ్ఞాతుల అనుమతి విభాగం జరిగిందా లేదా అన్న సందేహం తీరడానికని ఆయన వివరించాడు. స్థావరానికి విక్రయం లేదన్న పాత నిషేధాన్ని తోసిపుచ్చకుండానే, అమ్మకాన్ని బంగారంతో, నీటిధారతో దానరూపంలో జరపాలన్నాడు. నేటి భాషలో చెప్పాలంటే బహిరంగ ప్రకటన, సర్వే, వారసత్వ విచారణ అనే మూడు పనులను ఆయన ఊరి మనుషులకు అప్పగించాడు. వారి సమక్షంలో తేలినదాన్ని అక్షరాల్లో పెట్టడమే లేఖకుడి వంతు.

రాజులిచ్చిన దానశాసనాలు ఇదే పనికి ఘనమైన రూపాలు. రాజరాజ నరేంద్రుడి నందంపూడి శాసనాన్ని, 1053 నాటిదిగా చెప్పే ఆ తామ్రపత్రాన్ని, రచించినవాడు నన్నయభట్టు. ఆదికవిగా కీర్తి పొందిన వ్యక్తి ఒక గ్రామపు హక్కుపత్రానికి కూడా కర్త అన్న సంగతిని సాహిత్య చరిత్రలు గొప్పగా చెప్పుకున్నంతగా భూచరిత్రలు పట్టించుకోలేదు. సంస్కృతంలో సాగే అనేక తూర్పు చాళుక్య శాసనాల్లో పొలిమేరలు చెప్పే చోటికి వచ్చేసరికి భాష తెలుగులోకి దిగుతుంది. ప్రశస్తి ఏ భాషలో ఉన్నా గట్టు, పుంత, చెరువు, చింతచెట్టు మాత్రం ఊరివాళ్లకు అర్థం కావాలి గదా. దానశాసనాల్లోని నిధి, నిక్షేపం, జలం, పాషాణం మొదలైన అష్టభోగాల పట్టిక, అంటే భూమితో పాటు సంక్రమించే ఎనిమిది విధాల అనుభవ హక్కుల జాబితా, ఇరవయ్యో శతాబ్దపు తెలుగు క్రయ దస్తావేజుల్లోనూ కనిపిస్తుంది. సెంటు స్థలంలోని పెంకుటింటిని అమ్మే గుమస్తా సైతం భూగర్భంలోని నిధులతో సహా పుత్రపౌత్ర పారంపర్యంగా అనుభవించమని కొన్నవారికి రాసి ఇచ్చేవాడు. శాసన రచయితల మాటలు ఇలా శతాబ్దాలపాటు బతకడం చట్టం వల్ల కాదు. ఒక లేఖరి మరొక లేఖరి నకలు చూసి రాయడం వల్ల.

శాసనాలు రాజులకు, దేవాలయాలకు సంబంధించినవి. సామాన్యుల లావాదేవీల్లో రాత బాధ్యత గ్రామకరణానిది. కరణం ఊరి లెక్కలు చూసే వంశపారంపర్య ఉద్యోగి. ఏ మడి ఎవరిది, ఏ కాలవ ఎటు పారుతుంది, ఏ అన్నదమ్ములు ఎప్పుడు పంచుకున్నారు అన్నవి అతడి కవిలెల్లో, అంటే గ్రామ లెక్కల పుస్తకాల్లో, ఉండేవి. అంతకు మించి అతడి జ్ఞాపకంలో ఉండేవి. కాలిన్ మెకంజీ కోసం కావలి సోదరులు, వారి సహాయకులు సేకరించిన కైఫీయతుల్లో ఎక్కువ భాగం ఇలాంటి కవిలెల ఆధారంగా తయారైనవే. ఊళ్లో పొలం కొనేవాడికి లేఖకుణ్ణి ఎంచుకోవడమన్న ప్రశ్నే లేదు. కరణం రాస్తే ఆ పత్రానికి రాతతో పాటు అతడి ఎరుక కూడా తోడయ్యేది. అతడితో చెడినవాడి పత్రానికి ఏ గతి పడుతుందన్నది వేరే సంగతి. కరణీకపు జిత్తులపై తెలుగులో పుట్టిన సామెతలు, చాటువులు ఆ భయానికి సాక్ష్యాలు.

ఈ ఏకత్వం 1802లో చీలడం మొదలైంది. ఆ ఏడాది మద్రాసు ప్రభుత్వం వరుసగా జారీ చేసిన రెగ్యులేషన్లలో పదిహేడవది జిల్లా న్యాయస్థానాల వద్ద దస్తావేజుల నమోదుకు ఏర్పాటు చేయగా, ఇరవై తొమ్మిదవది కరణాల ఉద్యోగాన్నీ వారు ఉంచవలసిన లెక్కలనూ నిర్దేశించింది. ఒకే సంవత్సరంలో వచ్చిన ఈ రెండు శాసనాలూ ఒకదాని మాట ఒకటి ఎత్తకుండా, భూమి సమాచారాన్ని ఊళ్లోనూ భూమి పత్రాలను జిల్లా కేంద్రంలోనూ ఉంచాయి. రెవెన్యూ శాఖ, రిజిస్ట్రేషన్ శాఖ అనే రెండు ప్రవాహాలు కలవకపోవడం గురించి నేటికీ వినిపించే ఫిర్యాదుకు పునాది ఇక్కడే పడిందనడం అతిశయోక్తి కాదు.

1864 నాటి పదహారవ చట్టం స్థిరాస్తి పత్రాల్లో ముఖ్యమైనవాటికి రిజిస్ట్రేషన్‌ను తప్పనిసరి చేసింది. 1866, 1871, 1877లలో మారుతూ వచ్చిన ఆ చట్టం 1908లో నేటి రూపం పొందింది. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం వంద రూపాయలు, అంతకు పైబడిన స్థిరాస్తి విక్రయం రిజిస్టరు పత్రం ద్వారానే జరగాలంది. సబ్ రిజిస్ట్రారు కచేరి, దాని చుట్టూ స్టాంపు వెండర్లు, వారి పక్కనే చాపమీద రాతబల్లతో కూర్చునే లేఖరులు, ఇలా ఒక కొత్త లోకం తాలూకా కేంద్రాల్లో రూపుదిద్దుకుంది. ఈ చట్టాలన్నిటిలో కొన్నవారు గ్రహించని అంశం ఒకటుంది. పత్రం రాసిచ్చినవాడు తానే రాసిచ్చానని ఒప్పుకున్నాడా, వచ్చిన మనిషి ఆ మనిషేనా అన్నంతవరకే సబ్ రిజిస్ట్రారు విచారణ. అమ్మినవాడికి అసలు హక్కు ఉందా అన్నది అతడి పని కాదు. కరణం విచారించడు, ఎందుకంటే పత్రం అతడి దగ్గరికి రాదు. లేఖరి విచారించాలని ఏ చట్టమూ చెప్పలేదు. నిజానికి పత్రం ఫలానావాడే రాయాలని కూడా చెప్పలేదు. విజ్ఞానేశ్వరుడు ఊరికి అప్పగించిన మూడు పనులూ ఇలా ఎవరికీ చెందకుండా పోయాయి.

ఆ పనులు చేసిపెడతాడని పేరున్న లేఖరిని వెతుక్కోవడమే కొనేవాడి వివేకమైంది. 1899 నాటి స్టాంపు చట్టం, వేరే ఒప్పందం లేనప్పుడు, విక్రయపత్రపు సుంకాన్ని కొనేవాడి మీద పెట్టింది. ఖర్చు అతడిది కనుక లేఖరి ఎంపికా సాధారణంగా అతడిదే. కానీ దస్తావేజు నడిచేది అమ్మేవాడి గొంతుతో: నా స్వార్జితమైన, నా పూర్తి స్వాధీనంలో ఉన్న, ఎట్టి తాకట్టులూ లేని ఆస్తిని మీకు అమ్మాను అని. ఒకరు కుదిర్చిన మనిషి మరొకరి నోట మాటలు పెట్టడమనే ఈ విచిత్రమైన అమరికలో లేఖరి మంచితనమంతా ఇద్దరినీ అడగవలసిన ప్రశ్నలు అడగడంలో ఉండేది. లింకు దస్తావేజులు, అంటే హక్కు ఒకరి నుంచి ఒకరికి వచ్చిన వరుసను చూపే పాత పత్రాలు, తెమ్మనేవాడు, చెక్కుబందీ అనే నాలుగు దిక్కుల హద్దులను పాత పత్రంతో సరిపోల్చేవాడు, మైనరు వాటా ఉంటే రాయడానికి ఒప్పుకోనివాడు మంచి లేఖరిగా పేరు తెచ్చుకునేవాడు. రిజిస్ట్రారు కచేరిలోని సూచికలను వెదికించి ఆస్తిమీద నమోదైన లావాదేవీల పత్రం, నేటి వాడుకలో ఈసీ, తీయించడమూ అతడి పనే. చివర దస్తూరి అన్న మాట పక్కన అతడి పేరు ఉండేది. యాజ్ఞవల్క్యుడు విధించిన ముగింపు వాక్యానికి మిగిలిన ఆనవాలు అదొక్కటే. ఇరుపక్షాల అభ్యర్థన అన్న మాట మాత్రం రాలిపోయింది.

నిజాం రాజ్యంలోని తెలుగు జిల్లాల్లో కథ కొంత వేరు. అక్కడ కచేరి భాష మొదట పారసీ, తరువాత ఉర్దూ కావడంతో పొలం తెలుగువాడిదైనా పత్రం అతడు చదవలేని లిపిలో ఉండేది, లేఖరిపై ఆధారపడడం మరింత పెరిగింది. హైదరాబాదు పాతబస్తీ ఇళ్ల ఉర్దూ పత్రాలను అనువాదం చేయించనిదే నేటి న్యాయవాదులు అభిప్రాయం ఇవ్వలేరు. పల్లెల్లో కచేరి గడప తొక్కకుండా తెల్లకాగితం మీద రాసుకున్న సాదా బైనామాలే, అంటే రిజిస్టరు కాని విక్రయ కాగితాలే, ఎన్నో కుటుంబాలకు ఏకైక ఆధారమయ్యాయి. వాటిని క్రమబద్ధం చేయడానికి తెలంగాణ ప్రభుత్వం 2016లోనూ, 2020లోనూ దరఖాస్తులు పిలవవలసి వచ్చింది.

1984 జనవరిలో ఎన్.టి. రామారావు ప్రభుత్వం కరణాల, మునసబుల, పటేల్ పట్వారీల వ్యవస్థను రద్దు చేసింది. సామాజిక న్యాయం దృష్ట్యా ఆ నిర్ణయం సమర్థనీయమే. అయితే ఊరి భూముల జ్ఞాపకాన్ని మోసే పదవికి బదులు జ్ఞాపకాన్ని నిలిపే ఏర్పాటు వెంటనే రాలేదు. కోస్తాలో డైగ్లాట్ అని పిలిచే రీసెటిల్మెంటు రిజిస్టరు, తెలంగాణలో 1954-55 నాటి ఖాస్రా పహాణీ వంటి పాత రికార్డులు చదవగలిగిన లేఖరికి ఆ తరువాత గిరాకీ పెరగడంలో ఆశ్చర్యం లేదు. ఆంధ్రప్రదేశ్‌లో 1970ల్లో మార్కెట్ విలువ నిబంధన వచ్చాక సుంకం లెక్కగట్టడం కూడా అతడి నేర్పులో భాగమైంది. కచేరి లోపలికీ బయటికీ మధ్య మామూళ్లు చేరవేసేవాడన్న అపకీర్తి కూడా ఈ దశలోనే గట్టిపడింది. అది పూర్తిగా నిరాధారమని ఎవరూ వాదించలేరు.

1998 నవంబరులో మొదలైన కార్డ్ పథకం, అంటే రిజిస్ట్రేషన్ శాఖ కంప్యూటరీకరణ, దస్తావేజులను చేత్తో నకలు రాసే పద్ధతికి స్వస్తి చెప్పి, మధ్యవర్తి అవసరమే ఉండదని ప్రకటించింది. జొనాథన్ కేస్లీ 2004లో ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీలో ప్రచురించిన పరిశీలన ఆ ప్రకటనను అంగీకరించలేదు. లేఖరులు యథాస్థానంలోనే ఉన్నారని తేల్చింది. యంత్రం వేగం పెంచింది గానీ హక్కు విచారణను ఎవరికీ అప్పగించలేదు గనుక ఈ ఫలితం ఊహించదగినదే. నగరాల్లో ఆ పని క్రమంగా బ్యాంకుల ప్యానెల్ న్యాయవాదులకు చేరింది. గృహరుణం తీసుకునేవారి పత్రాలను గత ముప్పై ఏళ్ల వరకు వెనక్కి చూసి వారు ఇచ్చే అభిప్రాయం మొదట బ్యాంకు రక్షణ కోసం, ఆ తరువాతే కొనేవారి కోసం. రుణం లేకుండా కొనేవారికి ఆపాటి వడపోత కూడా లేదు.

హక్కుకు ప్రభుత్వమే పూచీపడే పద్ధతి 1858లో దక్షిణ ఆస్ట్రేలియాలో టోరెన్స్ పేరిట మొదలైంది. ఆ దిశగా ఆంధ్రప్రదేశ్ చేసిన భూహక్కుల చట్టం 2023 చివర అమలులోకి వచ్చి, న్యాయవాదుల ఆందోళన, ఎన్నికల వివాదం నడుమ 2024లో రద్దయింది. తమిళనాడు తన వంతుగా అమ్మేవాడి హక్కు రుజువు కానిదే పత్రం నమోదును నిరాకరించే అధికారాన్ని రిజిస్ట్రేషన్ నిబంధనల ద్వారా సబ్ రిజిస్ట్రారుకు ఇచ్చింది. ఆ నిబంధనను 2025 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కొట్టివేస్తూ, అమ్మేవాడికి హక్కు ఉందో లేదో నిర్ణయించడం రిజిస్టరు చేసే అధికారి పని కాదని స్పష్టం చేసింది.