ఇజకాయ: కూర్చొని తాగే దుకాణం ఖరీదైన భోజనశాలగా మారిన చరిత్ర

తొకుగావా యుగం గురించి చదివేటప్పుడు షోగున్లు, దైమ్యోలు, సమురాయ్‌లు మీకు అడుగడుగునా తారసపడతారు. పొద్దుగూకాక ఎడో నగరంలోని సామాన్యుడు ఎక్కడ కూర్చునేవాడు, ఏం తినేవాడు అన్న ప్రశ్న మాత్రం పాఠ్యగ్రంథాల్లో అరుదు. పట్టణ చరిత్ర చదివే విద్యార్థి ఈ ప్రశ్నను చిన్నదిగా చూడకూడదు. ఇజకాయ చరిత్ర ద్వారా దానికి సమాధానం వెతకడమే ఈ పాఠం ఉద్దేశం.

ముందుగా మన కాలం నుంచి మొదలుపెడదాం. టోక్యోలో కొన్నేళ్లు పనిచేసిన జర్మన్ పాకశాస్త్ర నిపుణుడు రైనర్ బెకర్, వ్యాపారవేత్త అర్జున్ వానీతో కలిసి 2002లో లండన్‌లోని నైట్స్‌బ్రిడ్జ్ ప్రాంతంలో జూమా అనే భోజనశాలను తెరిచారు. ఆ ప్రాంతం సంపన్నులది. జూమా తనను తాను ఆధునిక ఇజకాయగా చెప్పుకుంది. తరువాత హాంకాంగ్, దుబాయ్, న్యూయార్క్ నగరాలకూ విస్తరించింది. ఇలాంటి చోటుకి మీరు భోజనానికి వెళ్లారనుకోండి. చెక్క, రాయి కలిపి కట్టిన విశాలమైన గది. కళ్ల ముందే బొగ్గుల మీద చేపలు, కూరగాయలు కాలుతుంటాయి. మనిషికొక పళ్లెం అంటూ ఉండదు. చిన్న చిన్న పళ్లాల్లో వంటకాలు సిద్ధమైనవి సిద్ధమైనట్టుగా వస్తాయి, అందరూ పంచుకు తింటారు. బిల్లు మాత్రం సామాన్యుడు భరించేది కాదు. ఇక్కడ చరిత్రకారుడికి ఒక సందేహం రావాలి. కూలివాడి కోసం పుట్టిన చోటు పేరు ఇంత ఖరీదైన గదికి ఎలా వచ్చింది?

పేరులోనే కొంత జవాబు ఉంది. జపనీస్‌లో 'సకాయ' అంటే మద్యం దుకాణం. 'ఇ' అనేది ఉండటం, కూర్చోవడం అనే అర్థమిచ్చే మాట. కొనుక్కొని ఇంటికి పోకుండా అక్కడే ఉండి తాగే దుకాణం ఇజకాయ. తెలంగాణలో మద్యం దుకాణం పక్కన పర్మిట్ రూమ్ చూసినవారికి ఈ తేడా వెంటనే అర్థమవుతుంది. కొనడం ఒకటి, కూర్చోవడం మరొకటి. ఇజకాయ చరిత్ర అంతా ఈ రెండోదాని చరిత్రే.

ఎడోలో ఈ కూర్చునే చోటు ఎందుకు అవసరమైంది? 1635లో షోగునేటు సాంకిన్ కోతాయ్ పద్ధతిని చట్టంగా స్థిరపరిచింది. దాని ప్రకారం దైమ్యోలు తమ పరివారంతో వంతులవారీగా ఎడోలో నివసించాలి. వారి వెంట వచ్చిన సేవకులు, సైనికులు చాలామంది భార్యాబిడ్డలను సొంత ఊళ్లలోనే వదిలి వచ్చేవారు. 1657 నాటి మెయిరెకి అగ్నిప్రమాదంలో నగరం సగానికి పైగా కాలిపోయింది. దాన్ని తిరిగి కట్టడానికి వడ్రంగులు, కూలీలు తరలివచ్చారు. ఫలితంగా ఎడో మగవాళ్ల నగరమైంది. 1721 జనగణనలో పౌరవర్గపు జనాభా సుమారు 5 లక్షలు కాగా, అందులో పురుషులు 3,20,000 పైచిలుకు, స్త్రీలు 1,80,000కు కొంచెం తక్కువ. సమురాయ్ కుటుంబాలు ఈ లెక్కలో లేవు.

ఈ మనుషులు ఉండే నాగయా ఇళ్లు, అంటే వరుస గదులు, ఎంత చిన్నవో చూడండి. సాధారణమైన గది సుమారు 2.7 మీటర్ల వెడల్పు, 3.6 మీటర్ల పొడవు. పొయ్యికి, పడకకు, చెప్పులకు అంతా కలిపి అంతే చోటు. ఒక్క మనిషి కోసం కట్టెలు కొని వండుకోవడం కంటే ఉడికించిన కూర బయట కొనుక్కోవడమే చవక. అలా వండి అమ్మేవారు వీధివీధినా వెలిశారు. మళ్లీ మంటలు లేస్తాయన్న భయంతో పాలకులు రాత్రిపూట ఇలాంటి అమ్మకాలను నిషేధిస్తూ పదేపదే ఉత్తర్వులు ఇచ్చారు. ఒకే ఉత్తర్వు మళ్లీ మళ్లీ కనిపిస్తే దాన్ని జనం పాటించలేదనే మనం గ్రహించాలి. ఆధారాలను చదవడంలో ఇది గుర్తుంచుకోదగిన సూత్రం.

మరోవైపు మద్యం దుకాణాలే కూర్చునే చోట్లుగా మారాయి. కాండా ప్రాంతంలో 1596లో స్థాపించినట్టు చెప్పే తోషిమాయా దీనికి ప్రసిద్ధ ఉదాహరణ. ఆ దుకాణం మద్యాన్ని దాదాపు కొన్న ధరకే ఇచ్చి, ఖాళీ పీపాలు అమ్ముకొని లాభం తీసేదని ప్రతీతి. కాల్చిన తోఫూకు మిసో పూసిన దెంగాకును పెద్ద ముక్కలుగా చౌకగా అమ్మేది. గుర్రాలు తోలేవారు, పల్లకీ బోయీలు, పడవవాళ్లు అక్కడ గుమికూడేవారు. 1811లో ఎడో అధికారులు తీసిన లెక్కలో తినుబండారాల దుకాణాలు 7,603 ఉండగా, వాటిలో ఉడికించిన కూరలతో మద్యం ఇచ్చే ఇజకాయలే 1,808. మొత్తం నగర జనాభాను 10 లక్షలుగా అంచనా వేస్తే సుమారు 550 మందికి ఒక ఇజకాయ అన్నమాట. ఇక్కడ ఒక మాట చెప్పాలి. చారిత్రక చలనచిత్రాల్లో ఎడో ఇజకాయలో ఎత్తు బల్లలు, పీపాల మీద కూర్చున్న జనం కనిపిస్తారు. అవి తరువాతి కాలపువి. ఆనాటివారు వెడల్పాటి చెక్కపీటల మీదో, ఎత్తైన చాపల గద్దె మీదో కూర్చొని, పళ్లేన్ని పక్కనే పెట్టుకు తినేవారు.

మెయిజీ కాలంలో బీరు, గొడ్డుమాంసం నగరాల్లోకి వచ్చాయి. అది వేరే పాఠానికి సరిపోయే విషయం.

20వ శతాబ్దంలో గట్టి దెబ్బ యుద్ధం వల్ల తగిలింది. 1944లో ఉన్నత శ్రేణి భోజనశాలలను మూయించిన ప్రభుత్వం, టోక్యోలో 'ప్రజా మద్యశాలలు' తెరిచి మనిషికింత అని కొలిచి పోయించింది. ఓటమి తరువాత బియ్యమే కరువు. సాకేకు ఇతర మద్యసారం కలిపి మూడింతలు చేసి అమ్మారు. 1947 జులైలో మరో అత్యవసర ఉత్తర్వు భోజనశాలల్ని చాలావరకు ఆపేసింది. 1949 దాకా జనం దొంగచాటు బజారుల్లోని గుడారాల్లో, పేగులు, కాలేయం వంటివి కాల్చి అమ్మే పాకల్లో తాగారు. షింజుకు స్టేషన్ పక్కనున్న ఒమొయిదె యొకోచో సందు ఆ బజారు వారసత్వమే.

ఆర్థిక వృద్ధి కాలంలో గొలుసు దుకాణాలు వచ్చాయి. 1973లో సప్పోరోలో మొదలైన త్సుబోహాచి పేరుకు అర్థం 'ఎనిమిది త్సుబోలు'. అంటే మన లెక్కలో సుమారు 32 గజాల దుకాణం. ఇలాంటి గొలుసు దుకాణాలు 1980ల నాటికి విద్యార్థులను, ఉద్యోగినులను పెద్ద ఎత్తున రప్పించాయి. సోడా కలిపిన షోచూ వారిని ఆకర్షించిందని అంటారు. కానీ నా దృష్టిలో అసలు విషయం అది కాదు. వెలుతురున్న గది, ముందే తెలిసే ధర, ఫొటోలతో ఉన్న మెనూ. వీటివల్లనే ఎవరి తోడూ లేకుండా స్త్రీలు అక్కడ కూర్చోగలిగారు. రెండు శతాబ్దాలకు పైగా మగవాళ్లకే చెందిన చోటు అప్పుడు మారింది. జూమా కంటే ఈ మార్పే పెద్దదని నేను భావిస్తాను.

ఇప్పుడు మళ్లీ ఆ ఖరీదైన గదిలోని మెనూను ఆధారపత్రంగా చదవండి. ట్యూనా చేప కొవ్వు భాగమైన తోరో మీద పెద్ద ధర ఉంటుంది. ఎడోలో ఆ భాగం త్వరగా పాడవుతుందని పారేసేవారు, లేదా ఉల్లికాడలతో ఉడికించి పేదలకు అమ్మేవారు. శీతలీకరణ వచ్చాకే దాని రాత మారింది. మిసోలో ఊరవేసిన కాడ్ చేప చూడండి. సముద్రానికి దూరంగా ఉన్న క్యోటోకు చేప చెడకుండా చేరాలని వాడిన పద్ధతి అది. పెరూలో పనిచేసి 1987లో బెవర్లీ హిల్స్‌లో మత్సుహిసా భోజనశాల తెరిచిన నోబు మత్సుహిసా దాన్ని ప్రపంచ ప్రసిద్ధం చేశారు. బొగ్గుల అరుగైన రొబాతా, పల్లెటూరి ఇంటి నడిమిపొయ్యి చుట్టూ కూర్చోవడాన్ని గుర్తుచేసేది. పేదల తిండి, పల్లె పొయ్యి, నిల్వ పద్ధతి మూడూ ఒకే బల్ల మీద విలాసాలయ్యాయి.

వంటకాలు పైకి వచ్చాయి గానీ 'ఇ' మాత్రం పూర్తిగా రాలేదు. ఇలాంటి చాలా భోజనశాలల్లో బల్లను రెండు గంటలకే కేటాయిస్తారు, తరువాతి అతిథి ఎదురుచూస్తుంటాడు. ఉండటమే పేరుగా గల చోట ఉండే సమయం అమ్మకపు వస్తువైంది. జపాన్‌లోని గొలుసు దుకాణాలు కూడా ఇందుకు మినహాయింపు కాదు. ఎంతైనా తాగవచ్చనే టికెట్టుకు అక్కడా గడువు ఉంటుంది. అయితే టోక్యోలో గింజా వీధి నుంచి కొద్ది నిమిషాలు నడిస్తే యూరకుచో రైలు వంతెనల కింద చిన్న చిన్న ఇజకాయలు ఇప్పటికీ కనిపిస్తాయి. పొగలో, రైళ్ల చప్పుడులో, ఆఫీసు ముగించుకొని వచ్చినవారు ఇరుక్కొని కూర్చుంటారు.