టెండరు కాగితంలో మన వాటా

పేట్ బషీరాబాద్ మీదుగా మేడ్చల్ రోడ్డు పోతుంది. ఇక్కడ మోరీ తీసినా, కంకర మోసినా ఆ చేతులు ఎక్కువగా మనవే. ఆ పనుల టెండరు ఎవరి పేరన తెగిందో మాత్రం మనం చరిత్రగా రాసుకోలేదు.

1942లో వైస్రాయ్ లిన్‌లిత్‌గోకు ఇచ్చిన వినతిపత్రంలో అంబేద్కర్ ఉద్యోగాలతో ఆగలేదు, కేంద్ర ప్రజా పనుల శాఖ కాంట్రాక్టుల్లోనూ షెడ్యూల్డ్ కులాలకు వాటా అడిగారు. మొదటిది గుర్తుంచుకున్నాం, రెండోది మరిచాం. డెబ్బై ఏళ్లకు, 2012లో, కేంద్ర శాఖలూ సంస్థలూ తమ కొనుగోళ్లలో 4 శాతం దళిత, ఆదివాసుల చిన్న పరిశ్రమల నుంచి తీసుకోవాలన్న ఉత్తర్వు వచ్చింది. చిన్న పరిశ్రమలకు ధరావతు మినహాయింపూ దొరికింది.

వాటా ఉన్నా తగాదా వస్తే? 1977లో బొంబాయి విమానాశ్రయంలో హోటలుకు టెండరు పిలిచారు. ఐదేళ్ల అనుభవమున్న హోటలుదారే అర్హుడన్నారు, ఆ అర్హత లేనివాళ్లకే ఇచ్చారు. రమణ దయారాం శెట్టి కోర్టుకెక్కాడు. తాను పెట్టిన షరతుకు సర్కారు తానే కట్టుబడాలని 1979లో సుప్రీంకోర్టు తేల్చింది. అయినా కాంట్రాక్టు రద్దు చేయలేదు. ఐదు నెలలు దాటాక వచ్చాడు, ఈలోగా అవతలివాళ్లు ఖర్చు పెట్టుకున్నారు అన్నది అందుకొక కారణం.

మేం ఇక్కడే ఆగి ఆలోచిస్తున్నాం. సూత్రం గెలిచింది, మనిషి ఓడాడు. మొదటి తరం దళిత కాంట్రాక్టరుకు వకీలు దొరికేసరికే నెలలు గడుస్తాయి. తిరస్కరణకు కారణం రాతలో అడగడం, అభ్యంతరం వెంటనే రాసివ్వడం చెప్పేవాళ్లు కావాలి. వాటా కోసం కొట్లాడే సంఘాలు టెండరు తెరిచిన రోజే వకీలును పక్కన నిలబెట్టాలి. పని మొదలయ్యాక న్యాయం తీర్పులోనే మిగులుతుంది.