వెన్నుపూసల మూలలు చదివిన నూరేళ్లు

అశోక్‌నగర్ స్టడీ హాళ్లలో గ్రూప్స్‌కి చదివే కుర్రాడికి నడుంనొప్పి వస్తే నింద కుర్చీ మీదికి పోతుంది. చాలాసార్లు అది న్యాయమే. కానీ పొద్దున్నే నడుము పట్టేసి, నాలుగడుగులు వేస్తే సడలే నొప్పి వేరు. అది వెన్నును బిగించే జబ్బు యాంకిలోజింగ్ స్పాండిలైటిస్ కావచ్చు. అది తరచుగా మొదలయ్యేది ఈ ఇరవైల్లోనే.

బెక్తెరెవ్ 1893లో, స్ట్రుంపెల్ 1897లో, పియర్ మేరీ 1898లో ఈ జబ్బును వర్ణించింది ప్రధానంగా వంగిన వెన్నులను చూసే. ఎక్స్‌రే 1895లోనే పుట్టినా, జబ్బు జాడ వెన్ను అడుగున ఉండే శాక్రోఇలియాక్ కీళ్లలో ముందు కనబడుతుందని గట్టిపడింది 1930లలో. 1984 నాటి సవరించిన న్యూయార్క్ ప్రమాణాలు ఆ కీళ్లకు 0 నుంచి 4 దాకా గ్రేడ్లు వాడాయి. చిక్కల్లా, ఎక్స్‌రేలో కీలు చెడినట్టు తేలేసరికి ఏళ్లు గడిచిపోతాయి.

మన దగ్గర ఇంకో తిరకాసుంది. నెల్లూరు ప్రాంతపు ఫ్లోరోసిస్‌ను షార్ట్ బృందం 1937లో, నల్లగొండ ఫ్లోరోసిస్‌ను సిద్దిఖీ 1955లో వైద్య పత్రికలకెక్కించారు. ఫ్లోరైడ్ నీళ్లు కూడా మెడ తిరగనివ్వవు, వెన్నును బిగించేస్తాయి. తేడా ఫిల్ములో దొరుకుతుంది. ఫ్లోరోసిస్‌లో ఎముకలు సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంటాయి, శాక్రోఇలియాక్ కీలు సందు చాలావరకు నిలిచి ఉంటుంది. స్పాండిలైటిస్ ముదిరితే ఆ సందే మాయం. పూసల ముందువైపు చదునై, ఒకదాన్నుంచి ఇంకోదానికి సన్నని ఎముక వంతెనలు లేస్తాయి. పాఠ్యపుస్తకాల్లో ఉన్నా, ఈ తేడా తెలుగు రేడియాలజిస్టుకు పరీక్ష ప్రశ్న కాదు, రోజువారీ పని. ఎముకల రేడియాలజీలో దిట్ట కాకర్ల సుబ్బారావు 1980లలో అమెరికా నుంచి వచ్చి నిమ్స్ తొలి డైరెక్టరయ్యారు. ఆ సంస్థ మునుపు నిజామ్స్ ఆర్థోపెడిక్ ఆసుపత్రే.

తర్వాత ఎంఆర్‌ఐ వచ్చింది. ఎముక చెడకముందే మజ్జలోని వాపు అందులో తెల్లగా మెరుస్తుంది. 2009లో అంతర్జాతీయ ప్రమాణాలు దాన్ని లెక్కలోకి తీసుకున్నాయి. అయితే ఆ మెరుపు వస్తుంది, పోతుంది. ఎముక ఎంత పేరుకుందో చెప్పడానికి పాత ఎక్స్‌రేనే నమ్ముతున్నారు. ఆ లెక్క ఇలా: మెడలో, నడుములో 24 పూస మూలలు, ఒక్కోదానికి గరిష్ఠంగా 3 మార్కులు, మొత్తం 72. మార్పు తేలాలంటే రెండు ఫిల్ముల మధ్య సుమారు రెండేళ్లుండాలి. అందుకే, పాత ఫిల్ము పారేసి వచ్చిన రోగికి జబ్బు నడక వేగం ఎంతో ఏ డాక్టరూ చెప్పలేడు.

ఈ లెక్కలో ఛాతీ వెనక ఉండే పూసలు దాదాపుగా లేవు. ఊపిరితిత్తులు, భుజాలు అడ్డొచ్చి ఎక్స్‌రేలో అక్కడ సరిగా కనబడదు. కొత్త ఎముక ఎక్కువగా పుట్టేది మాత్రం అక్కడే. ఆ సంగతి తక్కువ మోతాదు సీటీతో గత పదేళ్లలో బయటపడింది.