జి. హరగోపాల్: పరిపాలనా శాస్త్రంలోకి వచ్చిన పైరవీకారు

జి. హరగోపాల్ ప్రభుత్వ పాలనా శాస్త్ర ఆచార్యుడు, పౌరహక్కుల ఉద్యమకారుడు. స్వగ్రామం షాద్‌నగర్ దగ్గరి మొగిలిగిద్ద. వరంగల్‌లోని కాకతీయ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పి, ఆ తర్వాత హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో, బెంగళూరు నేషనల్ లా స్కూల్‌లో పనిచేశారు. తెలుగువాళ్లకు ఆయన ఎక్కువగా సభల్లో వక్తగానే పరిచయం. పరిశోధకుడిగా ఆయన పేరును దేశం దాటించింది మాత్రం 1985 నవంబరులో 'ఏషియన్ సర్వే' పత్రికలో జి. రామ్‌రెడ్డితో కలిసి రాసిన వ్యాసం. ఇంగ్లిషు వ్యాసానికి శీర్షికలోనే 'పైరవీకార్' అన్న మన మాట ఉంటుంది.

కాకతీయ విశ్వవిద్యాలయం 1976లో ఏర్పడింది. అంతకుముందు అది ఉస్మానియా వారి పీజీ సెంటర్. వరంగల్, కరీంనగర్, ఖమ్మం, ఆదిలాబాద్ జిల్లాలు మొదట్లో దాని పరిధి. మంచిర్యాల, పెద్దపల్లి వైపు పిల్లలు కాజీపేట జంక్షన్‌లో రైలు దిగి హనుమకొండకు వచ్చేవారు. పటేలు, పట్వారీల పెత్తనం పుస్తకంలో చదివి తెలుసుకోవలసిన అవసరం ఆ విద్యార్థులకు లేదు. అప్పట్లో పరిపాలనా శాస్త్రమంటే వెబర్, టేలర్, ఫయోల్ వంటి పాశ్చాత్య సిద్ధాంతకర్తలే. ఆ తరగతి గదులకూ ఈ ఊళ్లకూ మధ్య ఎంత దూరమో ఊహించుకోవచ్చు. హరగోపాల్ 1980లో వెలువరించిన పుస్తకం అంశమే గ్రామీణాభివృద్ధిలో పాలనా నాయకత్వం.

సహరచయిత రామ్‌రెడ్డి కరీంనగర్ జిల్లా మనిషి, పంచాయతీరాజ్ మీద అప్పటికే పేరున్న పండితుడు. ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయానికి, ఇందిరాగాంధీ సార్వత్రిక విశ్వవిద్యాలయానికి తొలి వైస్ చాన్సలర్ ఆయనే. ఇద్దరూ కలిసి చిన్నరైతుల అభివృద్ధి సంస్థ పనితీరును ఆంధ్రప్రదేశ్‌లో పరిశీలించారు. బి. వెంకటప్పయ్య అధ్యక్షతన పనిచేసిన గ్రామీణ పరపతి సమీక్షా సంఘం 1969లో ఇచ్చిన సిఫార్సులోంచి పుట్టిన పథకం ఇది. ఐదెకరాల లోపు వాళ్లు చిన్నరైతులు, రెండున్నర ఎకరాల లోపు వాళ్లు సన్నకారు రైతులు. సబ్సిడీ వరసగా 25 శాతం, 33.3 శాతం. మిగతాది బ్యాంకు అప్పు.

కాగితం మీద ఇంతే. అప్పట్లో ఈ పథకం కింద గేదె కావాలన్న రైతు పట్వారీ దగ్గర భూమి లెక్క చెప్పే పహాణీ నకలు తీసుకోవాలి, సొసైటీ నుంచి బాకీ లేదన్న చీటీ తేవాలి. పంచాయతీ సమితి ఆఫీసులో దరఖాస్తు పెట్టాలి, బ్యాంకు మేనేజరును ఒప్పించాలి, సంతలో గేదెను కొన్నాక దాని చెవికి ఇన్సూరెన్సు బిళ్ల వేయించాలి. సంతకం రాని మనిషికి ఇందులో ఏ గడపా సొంతంగా దాటడం కుదరదు. ఏ గుమాస్తాకు ఏ వేళ తీరిక, ఏ కాగితం ఎక్కడ ఆగింది అన్నది తెలిసిన మనిషి పైరవీకారు. రైతుకు ఆఫీసును, ఆఫీసుకు రైతును దగ్గర చేస్తాడు. తన వాటా తాను తీసుకుంటాడు.

ఇది అందరికీ తెలిసిన సంగతే కదా అనిపించవచ్చు. తెలిసిన సంగతిని శాస్త్రం చూడకపోవడమే ఇక్కడ అసలు సమస్య. పథకం ఎందుకు విఫలమైందంటే సిబ్బంది కొరత, నిధుల కొరత, అవినీతి అని రాసి నివేదిక ముగించడం రివాజు. వీళ్లిద్దరూ పైరవీకారును దొంగగా చూసి వదిలేయలేదు. పేదవాడికి అందనంత ఎత్తున కూర్చున్న పాలనలోంచే అతను పుట్టాడని, గ్రామీణాభివృద్ధి యంత్రాంగంలో అతనూ ఒక భాగమని లెక్కలోకి తీసుకున్నారు.

తర్వాతి పరిశోధకులు ఈ మనిషిని వదల్లేదు. జేమ్స్ మేనర్ 2000లో 'ఏషియన్ సర్వే'లోనే చిన్నస్థాయి రాజకీయ దళారుల మీద రాశారు. వాళ్ల వల్ల జరిగే మేలు వైపు ఆయన కాస్త ఎక్కువ మొగ్గారు. రాజస్థాన్, మధ్యప్రదేశ్ పల్లెల్లో అనిరుధ్ కృష్ణ చదువుకున్న యువకులైన 'నయా నేతా'లను (కొత్త నాయకులను) చూశారు. గాబ్రియెల్ క్రక్స్-విస్నర్ 2018 నాటి పుస్తకంలో రాజస్థాన్ పల్లెవాసులు ప్రభుత్వాన్ని ఎలా అడుగుతారో పరిశీలించారు. ప్రశ్నలు వేరైనా, పౌరుడికీ ఆఫీసుకూ నడుమ ఎవరున్నారని వెతికే దారి ఒకటే. రామ్‌రెడ్డి, హరగోపాల్‌ల వ్యాసం లోటు కూడా చెప్పుకోవాలి: పైరవీ చేయించుకునే స్తోమత సైతం లేనివాళ్ల గతి ఏమిటన్నది దానిలో ఇంకా లోతుగా రావలసింది.

2011లో మల్కన్‌గిరి కలెక్టరును, 2012లో సుక్మా కలెక్టరును మావోయిస్టులు అపహరించినప్పుడు చర్చల్లో మధ్యవర్తులుగా కూర్చున్నవారిలో హరగోపాల్ ఉన్నారు. దీన్ని ఆయన పరిశోధనతో ముడిపెట్టి ఎవరైనా చమత్కరించవచ్చు. ఆ పోలిక నిలవదు. పైరవీకి ప్రతిఫలం ఉంటుంది, ఈ పనికి నిందలే ఎక్కువ.

వ్యాసం చూపిన పాలన రూపు మారింది. పటేలు, పట్వారీల గ్రామాధికారుల వ్యవస్థ 1984లో రద్దయింది, 1985లో తాలూకాలు పోయి రెవెన్యూ మండలాలు వచ్చాయి. ఆన్‌లైన్ సేవల మీసేవ 2011లో, భూరికార్డుల పోర్టల్ ధరణి 2020లో వచ్చాయి. ధరణి స్థానంలో 2025లో భూభారతి వచ్చింది. దరఖాస్తు నింపి, వెంట నడిచే మనిషి అవసరం మాత్రం తీరలేదు. ఆ వ్యాసాన్ని ఇవాళ చదివేవాళ్లు సమితి అన్నచోట మండలం అని మార్చుకుంటే చాలు, మిగతాది అలాగే చదువుకోవచ్చు.