తాళం వేసి సొమ్మడిగే దొంగలు
(చిన్న క్లినిక్కులకు పనికివచ్చే కొంత చరిత్ర)

మన తెలుగువారు నలుగురు చేరిన చోట ఒక డాక్టరు, ఒక కంప్యూటర్ ఇంజనీరు ఉండడం మామూలే. నేను రెండో కోవకు చెందినవాణ్ణి. డాక్టరు మిత్రులు నన్ను తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది: "మాది ఇద్దరు డాక్టర్ల క్లినిక్కండీ. మా దగ్గర ఏముందని దొంగలు వస్తారు?" దీనికి జవాబు చరిత్రలో ఉంది. ఆ చరిత్ర ఇంటర్నెట్ ఇంటింటికీ రాకముందే, అదీ వైద్యరంగంలోనే మొదలైంది.

1989 డిసెంబరులో దాదాపు 20,000 ఫ్లాపీ డిస్కులు పోస్టులో అనేక దేశాలకు వెళ్ళాయి. అందుకున్నవారిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఎయిడ్స్ సదస్సుకు వెళ్ళినవారు కూడా ఉన్నారు. డిస్కు మీద ఎయిడ్స్ సమాచారం అని రాసి ఉంది. ఆ ప్రోగ్రాము కంప్యూటరును 90 సార్లు ఆన్ చేసేదాకా మౌనంగా ఉండేది. తరువాత ఫైళ్ళ పేర్లన్నీ గుర్తుపట్టలేకుండా మార్చి, పనామాలోని ఒక పోస్టు బాక్సుకు 189 డాలర్లు పంపమనేది. దీనికి నిందితుడు జోసెఫ్ పాప్ అనే జీవశాస్త్రవేత్త. మానసిక స్థితి సరిగా లేదని బ్రిటన్‌లో అతని మీద విచారణ జరగలేదు.

ఆ పథకంలో రెండు లోపాలున్నాయి. తాళంచెవి ప్రోగ్రాములోనే దాగి ఉంది కనుక నిపుణులు దాన్ని విప్పగలిగారు. డబ్బు పోస్టులో రావాలి కనుక దొంగ ఆచూకీ తెలిసే వీలుంది. మొదటి లోపం ఎలా తీరవచ్చో 1996లో ఆడం యంగ్, మోటీ యుంగ్ అనే పరిశోధకులు ముందుగానే హెచ్చరించారు. వేసే తాళంచెవి ఒకటి, తీసే తాళంచెవి ఇంకొకటి అయితే, రెండోది దొంగ దగ్గరే ఉండిపోతుంది. రెండో లోపాన్ని 2009లో వచ్చిన బిట్‌కాయిన్ తీర్చింది. ఈ రెండూ కలిసి 2013లో క్రిప్టోలాకర్ అనే ప్రోగ్రాముగా బయటికొచ్చాయి. దాంతో ఈ దొంగతనం ఒక వ్యాపారమైంది. దానికి స్థిరపడిన పేరే రాన్సమ్‌వేర్.

సరిగ్గా అదే కాలంలో అమెరికాలోని క్లినిక్కుల్లో కాగితం ఫైళ్ళు కంప్యూటర్లలోకి ఎక్కాయి. 2009లో వచ్చిన చట్టం ప్రకారం, 2011 నుంచి ఎలక్ట్రానిక్ రికార్డులకు మారిన డాక్టరుకు మెడికేర్ 44,000 డాలర్ల దాకా ప్రోత్సాహకం ఇచ్చింది. రికార్డులైతే మారాయి గాని, వాటిని కాపాడే మనిషిని జీతమిచ్చి పెట్టుకునే స్తోమత చిన్న క్లినిక్కుకు ఎక్కడిది? బీరువా రోజుల్లో ఒక ఫైలు కనబడకపోతే ఆ ఒక్కటే పోయేది. ఇప్పుడు పోతే అన్నీ ఒక్కసారే పోతాయి.

2017 మేలో వన్నాక్రై బ్రిటన్ ప్రభుత్వ వైద్యవ్యవస్థను తాకినప్పుడు పెద్ద ఆసుపత్రులే వార్తల్లోకెక్కాయి. కాని దాని బారిన పడినవాటిలో 595 చిన్న డాక్టరు ప్రాక్టీసులు కూడా ఉన్నాయి. ఆ రంధ్రాన్ని పూడ్చే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ రెండు నెలల ముందే, మార్చిలోనే విడుదల చేసింది.

మా మిత్రుల ప్రశ్నకు సూటి జవాబు 2019లో దొరికింది. మిషిగన్‌లోని బ్యాటిల్ క్రీక్‌లో బ్రూక్‌సైడ్ అనే చెవి, ముక్కు, గొంతు క్లినిక్ ఉండేది. అక్కడ ఉన్నది ఇద్దరే డాక్టర్లు. దొంగలు అడిగింది 6,500 డాలర్లు. వాళ్ళు ఇవ్వలేదు. రోగుల రికార్డులు, అపాయింట్‌మెంట్లు, బ్యాకప్‌తో సహా పోయాయి. క్లినిక్ మూసేశారు. అదే సంవత్సరం కాలిఫోర్నియాలోని సిమీ వ్యాలీలో వుడ్ రాంచ్ మెడికల్‌లో బ్యాకప్ డ్రైవులకు కూడా తాళం పడింది. అదీ డిసెంబరులో మూతపడింది. బ్యాకప్ లేక కాదు, అది కూడా దొంగ చేతికి అందేచోట ఉండడం వల్ల! ఆ ఆగస్టులోనే డెంటల్ క్లినిక్కులకు బ్యాకప్ సేవలందించే ఒక కంపెనీ ద్వారా దాదాపు 400 క్లినిక్కులు దెబ్బతిన్నాయి.

తాళం ఒక్కటే కాదు, బయటపెడతామన్న బెదిరింపు కూడా ఉంది. ఫిన్లాండ్‌లో వస్తామో అనే మానసిక చికిత్స సంస్థ రికార్డులు దొంగిలించినవాడు 2020లో నేరుగా రోగులకే ఈమెయిళ్ళు పంపి 200 యూరోలు అడిగాడు. మరుసటి సంవత్సరం ఆ సంస్థ దివాలా తీసింది. దీనికి బ్యాకప్ మందు కాదు. అవసరం తీరిన పాత డేటాను చట్టం ఒప్పుకున్నంత మేర తొలగించడం, ఉన్నదాన్ని ఎన్‌క్రిప్ట్ చేసి ఉంచడం మాత్రమే కొంత రక్ష.

2024 ఫిబ్రవరిలో చేంజ్ హెల్త్‌కేర్ మీద జరిగిన దాడి మనందరికీ గుర్తే. రెండంచెల లాగిన్ లేని ఒక్క ద్వారం గుండా దొంగలు లోపలికొచ్చారు. 2 కోట్ల 20 లక్షల డాలర్లు చెల్లించినా దాదాపు 19 కోట్లమంది సమాచారం బయటపడింది. క్లెయిములు ఆగిపోయాయి. అమెరికన్ మెడికల్ అసోసియేషన్ సర్వేకు జవాబిచ్చిన డాక్టర్లలో 55 శాతం మంది క్లినిక్ నడపడానికి సొంత డబ్బు పెట్టామన్నారు.

ఈ ముప్పై అయిదేళ్ళ చరిత్రలో నాకు కనిపించిన సారాంశం ఒక్కటే. దొంగ చూసేది మీ దగ్గరున్న వస్తువు బజారులో ఎంత పలుకుతుందని కాదు, అది లేకపోతే మీరెంత ఇబ్బంది పడతారని. ఆ లెక్కన చిన్న క్లినిక్కే సులువైన వేట. దాని భవిష్యత్తు దాడి జరిగిన రోజున కాదు, అంతకు ముందే నిర్ణయమైపోతుంది.

అందుకు పెద్ద ఖర్చేమీ అక్కరలేదు. ఒక బ్యాకప్‌ను నెట్‌వర్క్‌తో సంబంధం లేకుండా వేరే చోట ఉంచండి. లాగిన్లన్నిటికీ రెండంచెల తనిఖీ పెట్టండి. అప్‌డేట్లు వాయిదా వేయకండి. కంప్యూటర్లు ఆగిపోతే రోగులను ఎలా చూడాలో ఒక కాగితం మీద రాసి రిసెప్షన్‌లో ఉంచండి.

దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగాయన్న సామెత మనకు ఉండనే ఉంది. ఈ సంబరాలు ముగించుకుని సోమవారం క్లినిక్ తెరిచాక, మీ కంప్యూటర్లు చూసే వ్యక్తిని ఒక్కమాట అడగండి: "నిన్నటి బ్యాకప్ నుంచి ఒక్క రోగి రికార్డు తీసి చూపించు." అతడు చూపించగలిగితే సంతోషం. చూపించలేకపోతే ఆ వారం చేయవలసిన మొదటి పని అదే.