భయమును భక్తియు

“ఆపద మొక్కులు, సంపద మరపులు” అని మనలో సామెత గలదు. మానవుని దైవచింతన చరిత్రలో పెద్ద భాగము ఈ నాలుగు మాటలలో ఇమిడియున్నది. 1942వ సంవత్సరమున మన ఉత్తరాంధ్ర తీరము ఈ సామెతను అనుభవించి తెలిసికొన్నది.

కళింగపట్నము, బారువ రేవులనుండి ఓడలెక్కి రంగూనుకు కూలికిపోయిన కుటుంబములు ఈ ప్రాంతమున పెక్కులు. 1941 డిసెంబరు 23న జపానువారు రంగూనుపై బాంబులు వేసిరి. తరువాతి నెలలలో లక్షలకొలది భారతీయులు సముద్రముమీదను, అరకాను, మణిపురము అడవిదారులను స్వదేశమునకు తరలిరి. ఆకలికిని, కలరాకును, మలేరియాకును వేలకొలది దారిలోనే బలియైరి. ఆ వార్తలింకను చల్లారకమునుపే, 1942 ఏప్రిల్ 6న జపాను విమానములు విశాఖపట్టణముమీదను, కాకినాడ తీరముననున్న ఓడలమీదను బాంబులు విడిచినవి. విశాఖవాసులనేకులు ఇండ్లు విడిచి లోపలి గ్రామములకు పోయిరి.

అట్టి వేళ జనులు దేవునికి మ్రొక్కుటలో వింత యేమున్నది? కోటబొమ్మాళి కొత్తమ్మతల్లి వంటి గ్రామదేవతలను మశూచి, కలరా వచ్చినప్పుడు శరణువేడుట మనవారికి తరతరముల అలవాటు. బాంబును మశూచివంటిదే: ఎప్పుడు వచ్చునో, ఎవరి యింట పడునో తెలియదు. చేయదగినది ఏదియు కానరానప్పుడు మ్రొక్కుబడి చేతులకొక పని కల్పించును. మనసు కొంత కుదుటపడును. ఇది పామరులకే చెల్లునని చదువుకొన్నవారు నవ్వరాదు. స్టౌఫరును అతని సహచరులును 1949లో ప్రకటించిన ‘ది అమెరికన్ సోల్జర్’ అను పరిశీలనలో, పోరాటము కఠినమైనప్పుడు ప్రార్థన తమకు మిక్కిలి తోడ్పడినదని సైనికులనేకులు చెప్పియున్నారు. మృత్యువు ఎదుట నిలిచినప్పుడు విద్యావంతుడును పామరుడును ఒక్కటే.

అయినచో భక్తి భయముయొక్క బిడ్డయేనా? మేమట్లు తలపము. మన దేశమున మశూచి 1975తో అంతరించినది. ప్రపంచమున అది నశించెనని 1980లో ప్రకటించిరి. అయినను కోటబొమ్మాళిలో కొత్తమ్మతల్లి జాతర ఏటేట జరుగుచునే యున్నది. వేరు భయమే యైనచో ఆ వేరు తెగిన పిదప చెట్టు ఎండవలెను గదా! పుట్టింటికి వచ్చిన ఆడుబిడ్డలు, ఒక్కచోట కూడిన బంధువులు, ఏడాది గడచెనన్న కృతజ్ఞత — ఈ వేళ్లును దానికి గలవు.

కావున భయమును భక్తికి ద్వారమనవచ్చును గాని, అదియే ఇల్లని భ్రమింపరాదు. ద్వారముననే నిలిచిపోయినవాడు దేవునితో బేరమాడును. ఆపద తీరగానే మరచును, లేదా అప్పుచేసి మ్రొక్కు తీర్చి ఆలుబిడ్డలను పస్తులుంచును. బేరము ఫలింపనినాడు విశ్వాసమునే పోగొట్టుకొనును: అడవిదారిలో బిడ్డను పాతిపెట్టి వచ్చిన తల్లికి ఏ మ్రొక్కు సమాధానము చెప్పగలదు? ఆమెకు కావలసినది పొరుగువారి అన్నము, ఆదరణ. విమానములకు వెరచి వచ్చిన పరాయివానికి తన అరుగుపై చోటిచ్చిన గృహస్థు ఏ దేవుని తలచినను, తలపకున్నను, ఆనాటి భక్తి వానియందే నిలిచినదని మేము నమ్ముదుము.